రిటైరైన నాన్నగారు పెన్షనర్ల సంఘంలో చేరాలా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆమె నాన్నగారు విశాఖపట్నంలో రాష్ట్ర ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా చేసి మొన్న నెలాఖరున రిటైరయ్యారు. వీడ్కోలు సభ రోజునే పెన్షనర్ల సంఘం వాళ్ళు వచ్చి జీవిత సభ్యత్వం తీసుకోమన్నారట. ‘పెన్షన్ నేరుగా బ్యాంకులో పడుతుంది, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఫోనులోనే ఇవ్వవచ్చు, ఇక సంఘం దేనికి? శాలువాలు కప్పడం తప్ప వీళ్ళు చేసే పని ఏమైనా ఉందా?’ అని ఆమె సందేహం.

అమ్మా, నేను ప్రభుత్వ పెన్షన్లు చెల్లించే ట్రెజరీ శాఖలో పనిచేసి 2009లో రిటైరయ్యాను. కౌంటరుకు లోపల కూర్చుని పెన్షనర్ల కాగితాలు అందుకున్నాను, ఆ తర్వాత అదే కౌంటరు బయట వరుసలో నిలబడ్డాను. తొమ్మిదేళ్ళుగా మా పేట పెన్షనర్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, తప్పకుండా చేర్పించండి. మీ నాన్నగారికి సంఘంతో పెద్దగా పని పడకపోవచ్చు. సూపరింటెండెంటుగా చేసిన మనిషికి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఎవరిని అడగాలో తెలుసు. సంఘంతో పని పడేది మీ అమ్మగారికి.

ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా మా సంఘం బీరువాలో ఉన్న ఫైళ్ళు తీసి చూస్తే సగానికి పైగా, పెన్షనరు పోయాక భార్యకో భర్తకో వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌వే. ముప్పై అయిదేళ్ళు ఇంటి లెక్కంతా భర్త చూసుకున్నాడు. బ్యాంకు పుస్తకం ఏ అరలో ఉందో కూడా ఆమెకు తెలియదు. ఒక ఉదయం ఆయన లేడు. పదకొండో రోజు దాటేసరికి ఇంట్లో చుట్టాలు ఖాళీ అవుతారు, పిల్లలు సెలవు అయిపోయి ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆమె ఒక్కతే ఆఫీసు మెట్లు ఎక్కాలి.

నాలుగేళ్ళ కిందట ఒక టీచరుగారు పోయారు. ఆయన మా సభ్యులు కారు. ఆయన భార్య ఏడు నెలలు తిరిగి, చివరికి ఎవరో చెబితే మా దగ్గరకు వచ్చారు. చేతిలో చీరల దుకాణం సంచి, దానిలో కాగితాలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. కరెంటు బిల్లులు, ఆయన ఎప్పుడో కట్టిన బీమా రసీదులు, వాటి మధ్య పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు. బల్ల మీద అన్నీ పరచి ఒక్కొక్కటే చూశాం. ఆధార్‌లో ఆమె పేరు చివర ‘అమ్మ’ ఉంది, పీపీఓలో లేదు. ఫైలు మూడుసార్లు వెనక్కి రావడానికి ఆ రెండక్షరాలే కారణం. ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. ‘పేరు తేడా’ అని పెన్సిలుతో రాసి తిప్పి పంపారు, అంతే. రెవెన్యూలో చేసి రిటైరైన మా సభ్యుడొకరు ఆమె వెంట వెళ్ళి, రెండు పేర్లూ ఒక్కరివే అన్న ధ్రువపత్రం తీయించి, కొత్త అర్జీతో కలిపి ఇప్పించారు. బకాయిలతో సహా పెన్షన్ వచ్చింది. ఆ ఏడు నెలలూ ఆమె ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది.

అప్పటినుంచి మా సంఘంలో ఒక పద్ధతి పెట్టాం. ఏడాదికి ఒకసారి సభ్యులు భార్యతో గానీ భర్తతో గానీ జంటగా రావాలి. ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు నమూనా చేతికిచ్చి నింపిస్తాం. అది ఎక్కడికీ పంపే కాగితం కాదు, చెయ్యి అలవాటు కావడానికే. మొదటి ఏడాది హాల్లో ఆడవాళ్ళెవరూ పెన్ను ముట్టుకోలేదు. వెనక వరుసలో కూర్చున్న ఒకావిడ, ‘ఆయన పక్కనే ఉండగా నేను దీనిమీద సంతకం పెడితే ఆయనకు ఏమైనా అవుతుందేమోనండీ’ అన్నారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు నోట మాట రాలేదు. అప్పుడు మా సభ్యురాలు, హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైనావిడ, లేచి ముందుకు వచ్చారు. తన భర్తను పక్కన కూర్చోబెట్టి, ‘నేను పోతే వచ్చే పెన్షన్ కోసం ఈ కాగితం మీరు నింపండి, నేను చూస్తాను’ అన్నారు. ఆయన నింపుతుంటే రెండు తప్పులు పట్టుకున్నారు కూడా. హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే అందరూ పెన్నులు తీశారు. సంఘం అనగానే నాకు ఆ మధ్యాహ్నమే గుర్తుకొస్తుంది.

మనిషి పోయిన మొదటి పదిహేను రోజుల్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి అవి తోచవు, అందుకే సంఘం నుంచి ఇద్దరం వెళతాం. ట్రెజరీకి రాతపూర్వకంగా కబురు చేయాలి. మరణ ధ్రువపత్రం కాపీలు ఒకటి రెండు కాదు, డజను తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయవద్దని పిల్లలకు చెప్పాలి. పెన్షన్ ఆయన కన్నుమూసిన రోజు వరకే చెల్లుతుంది. ఆ తర్వాత ఖాతాలో పడిన సొమ్ము ప్రభుత్వానిదే. తెలియక తీసి ఖర్చుపెడితే తర్వాత ఆమెకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోస్తారు. ఈ ఒక్క పొరపాటు వల్ల మొదటి నెలల్లోనే ఆమెకు చేతికి తక్కువ వచ్చిన ఇళ్ళు చూశాను. డెత్ రిలీఫ్ అని అంత్యక్రియల ఖర్చుల కింద కొంత మొత్తం వస్తుంది. అది అర్జీ పెడితేనే వస్తుందని చాలామందికి తెలియనే తెలియదు.

ఇక లైఫ్ సర్టిఫికెట్ సంగతి. ఫోనులో ఇవ్వవచ్చన్న మీ మాట నిజమే. డిజిటల్‌గా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నవంబరులో మొదలైంది, ముఖం చూపించి ఇచ్చే వెసులుబాటు 2021లో వచ్చింది. కేంద్ర పెన్షనర్లు నవంబరులో ఇస్తారు, మన రాష్ట్ర పెన్షనర్లు కొత్త సంవత్సరం మొదటి రెండు నెలల్లో ఇస్తారు. మీ నాన్నగారు ఇప్పుడు సులువుగా ఇచ్చేస్తారు. ఎనభై అయిదు దాటాక చూడాలి. మొన్న ఫిబ్రవరిలో అల్లిపురంలో మంచం పట్టిన ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. తొంభై ఒక్క ఏళ్ళు. వేలు పెడితే యంత్రంలో ఎర్ర దీపమే వెలుగుతోంది. ఏళ్ళ తరబడి అంట్లు తోమి, పిండి రుబ్బి, వేళ్ళ మీద గీతలే చెరిగిపోయాయి. తడి గుడ్డతో తుడిచాం, పదివేళ్ళూ పెట్టి చూశాం. లాభం లేకపోయింది. ముఖం చూపిద్దామంటే గదిలో ట్యూబులైటు వెలుగు చాలలేదు. ఆమె మనవడు, నేను, ఇంకో సభ్యుడు కలిసి మంచాన్ని కిటికీ దగ్గరకు జరిపాం. ‘అమ్మా, ఒకసారి కళ్ళు మూసి తెరవండి’ అంటే ఆవిడ మూసి తెరవడం లేదు, నిద్రపోతున్నారు. నాలుగోసారికి మనవడు చెవి దగ్గర చెబితే రెప్ప ఆడించారు. తెర మీద పచ్చ గుర్తు వచ్చింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నర పని ఏ యాప్‌కూ చేతకాదు. ఆ సర్టిఫికెట్ వెళ్ళకపోతే ఆవిడ పెన్షన్ ఆగిపోయేది, ఆవిడ మందులు ఆ డబ్బుతోనే.

కాగితాల విషయంలో మాకు బుద్ధి చెప్పింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఆ తుపాను ఊరిని ఊడ్చేసినప్పుడు మీరు చిన్నపిల్ల అయి ఉంటారు. కిటికీ అద్దాలు పగిలి, బీరువాల్లోకి కూడా నీళ్ళు పోయాయి. మా సభ్యులు తడిసి ముద్దయిన పీపీఓలు, సర్వీసు కాగితాలు పట్టుకుని వచ్చారు. కరెంటు లేదు, జిరాక్సు దుకాణం తెరవలేదు. హాలు కిటికీ ఊచలకు తాడు కట్టి కాగితాలు బట్టల్లా ఆరేశాం. కొన్నిటి మీద సిరా కరిగి అంకెలు పోయాయి. ఆ ఏడాదే తీర్మానం చేసి ప్రతి సభ్యుడి పీపీఓ, భార్యాభర్తల ఆధార్, పుట్టిన తేదీ రుజువు, కలిసి దిగిన ఫొటో ఒక నకలు సంఘం బీరువాలో పెట్టాం. ఇప్పుడు వాటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లో కూడా ఉంచుతున్నాం.

పుట్టిన తేదీ రుజువు అన్నాను, దాని విలువ చెబుతాను. మన రాష్ట్రంలో 70 ఏళ్ళు నిండితే మూల పెన్షన్ మీద 7 శాతం, 75 నిండితే 12 శాతం, 80 నిండితే 20 శాతం అదనపు పెన్షన్ వస్తుంది. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. కానీ భార్య పుట్టిన తేదీ పీపీఓలో నమోదు కాకపోతే ఆమెకు ఎప్పుడు 70 నిండాయో ట్రెజరీకి ఎలా తెలుస్తుంది? డెబ్బై అయిదు దాటినా అదనపు పెన్షన్ పైసా కూడా అందుకోని ఆడవాళ్ళను ఇంటింటికీ తిరిగి గుర్తించాం. అలాగే కమ్యుటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని ముందే ఒకేసారి సొమ్ము తీసుకోవడం. మీ నాన్నగారు పెన్షన్‌లో 40 శాతం వరకు అమ్ముకుని ఉంటే, ఆ కోత 15 ఏళ్ళు నిండాక ఆగి పూర్తి పెన్షన్ తిరిగి రావాలి. ఆ తేదీ డైరీలో రాసుకోమని చెప్పండి. మా దగ్గర అందరి తేదీలతో ఒక రిజిస్టరు ఉంది, ప్రతి నెలా మొదటి ఆదివారం సమావేశంలో ఆ నెల పేర్లు చదువుతాం. మూడు నెలలు గడిచినా కోత ఆగకపోతే అర్జీ మేమే రాస్తాం.

ఆ 7, 12 శాతాల వెనక కూడా సంఘాల పనే ఉంది. 2022 జనవరిలో పీఆర్సీ (వేతన సవరణ) ఉత్తర్వులు వచ్చినప్పుడు అంతకు ముందున్న 70, 75 ఏళ్ళ అదనపు పెన్షన్‌ను తీసేశారు. అది అంతకు ముందు 10 శాతం, 15 శాతంగా ఉండేది. ఉద్యోగులతో కలిసి పెన్షనర్లూ ఎండలో కూర్చున్నారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడ అయింది. ఆ తర్వాత 7, 12 శాతాలుగా తిరిగి వచ్చింది. మూల పెన్షన్ 40,000 ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషికి నెలకు 4,000 అదనంగా రావలసింది 2,800 అయింది. పూర్తిగా దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఉంటే ఆ 2,800 కూడా ఉండేది కాదు.

డిసెంబర్ 17న మేం పెన్షనర్ల దినం చేస్తాం. దాన్ని శాలువాల పండుగ అని మీలాంటి పిల్లలు అనుకుంటారు. కానీ ఆ తేదీ వెనక ఒక కోర్టు కేసు ఉంది. 1979 మార్చి 31 అని ఒక తేదీ గీసి, ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవాళ్ళకు మాత్రమే మెరుగైన లెక్కన పెన్షన్ ఇస్తామని కేంద్రం అంది. రక్షణ శాఖ ఆర్థిక విభాగంలో పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1982 డిసెంబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గీతను చెరిపేసింది. పెన్షన్ ప్రభువుల దయ కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఈ కేసులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. నకారాతో పాటు పిటిషనర్లలో ఒక రిజిస్టరైన సొసైటీ కూడా ఉంది. విడివిడిగా కోర్టుకు రాలేని వృద్ధుల తరఫున అడిగే అర్హత దానికి ఉందని కోర్టు ఒప్పుకుంది. మన సంఘాల నోటికి విలువ అక్కడినుంచే వచ్చిందని నా నమ్మకం. 2025 మార్చిలో ఆర్థిక బిల్లుతో పాటు, రిటైరైన తేదీని బట్టి కేంద్ర పెన్షనర్ల మధ్య తేడా చూపే అధికారాన్ని పార్లమెంటు ధ్రువపరిచింది. అందుకే నకారా పేరు ఈ మధ్య మా సమావేశాల్లో మళ్ళీ ఎక్కువగా వినిపిస్తోంది. మా దగ్గర ఆ రోజు శాలువాతో పాటు తీర్పులోని ముఖ్యమైన భాగాలు తెలుగులో చదివి వినిపిస్తాం.

సంఘం చేయలేనివి కూడా చెప్పాలి. ధరలు పెరిగినందుకు పెన్షన్‌తో పాటు ఇచ్చే డీఆర్ బకాయిలు ఎప్పుడు పడతాయో ఏ కార్యదర్శీ చెప్పలేడు. మహజరు ఇవ్వగలం, ధర్నా చేయగలం, కోర్టుకు వెళ్ళగలం. అంతకు మించి మా చేతిలో లేదు. వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటుకు ఆసుపత్రి ఇవ్వవలసిన అత్యవసర ధ్రువపత్రం, అసలు బిల్లులు లేకపోతే మేం ఎంత తిరిగినా ఆ ఫైలు కదలదు. కాబట్టి డిశ్చార్జి రోజునే అడిగి తీసుకోవాలి. ఇవేవీ లేకుండానే ‘నేను చేయిస్తాను, ఇంత ఇవ్వండి’ అనేవాడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా దళారే.

అన్ని సంఘాలూ ఒకేలా ఉండవు, మీ అనుమానానికి కారణం లేకపోలేదు. ఫ్లెక్సీలో ఫొటో కోసం రెండుగా చీలిన సంఘాలను చూశాను, పదిహేనేళ్ళు ఒకే అధ్యక్షుడున్న వాటినీ చూశాను. చేరేముందు నాన్నగారు ఒక నెల సమావేశానికి ఊరికే వెళ్ళి వెనక కూర్చోవాలి. పోయిన ఏడాది ఎన్ని ఫ్యామిలీ పెన్షన్ కేసులు పూర్తిచేశారని అడగాలి. అంకె చెబితే మంచి సంఘం, ఉపన్యాసం చెబితే ఇంకో సంఘం వెతుక్కోవాలి. సొసైటీల చట్టం కింద రిజిస్టరైందా, ఆడిట్ అయిన లెక్క సర్వసభ్య సమావేశంలో చదువుతారా అని చూడాలి. కార్యవర్గంలో ఆడవాళ్ళు ఉన్నారా అన్నది నాకు ఇంకా పెద్ద గుర్తు. భర్త పోయిన మనిషి ముందుగా వచ్చి మాట్లాడేది ఇంకో ఆడమనిషితోనే.

విశాఖలో ఒక చిక్కు ఉంది. ఇక్కడ రైల్వే, పోర్టు, నేవీ, పోస్టల్, స్టీల్‌ప్లాంటు, రాష్ట్ర ప్రభుత్వం, ఎవరి సంఘం వాళ్ళది. నేవీలో చేసినవాళ్ళకు స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి, కేంద్ర ఉద్యోగులకు పెన్షన్‌కు బ్యాంకు, వైద్యానికి సీజీహెచ్‌ఎస్, మనకు పెన్షన్‌కు ట్రెజరీ, వైద్యానికి ఈహెచ్‌ఎస్ కార్డు. దారులు వేరు కాబట్టి స్నేహితుడు ఉన్నాడని పక్క సంఘంలో చేరితే పని జరగదు. మీ నాన్నగారు ట్రెజరీ ద్వారా పెన్షన్ తీసుకునేవాళ్ళ సంఘంలోనే చేరాలి. కాలనీ సీనియర్ సిటిజన్ల క్లబ్బు వేరు. కబుర్లకు అదీ మంచిదే.

కార్తీక మాసంలో ముడసర్లోవలో వనభోజనం, కంటి పరీక్షలు, షుగరు పరీక్షలు, ఆదాయపు పన్ను లెక్కలకు సాయం, ఇవి ఎలాగూ ఉంటాయి. ఇటీవల మరో పని ఎక్కువైంది. ‘ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నాం, మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేయాలి, ఓటీపీ చెప్పండి’ అంటూ దొంగ ఫోన్లు వస్తున్నాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు ఖాతాలో పడే సమయం కాబట్టి మీ నాన్నగారికి ఇప్పుడే ఎక్కువ ప్రమాదం. ట్రెజరీ వాళ్ళు ఓటీపీ అడగరు. పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. పెద్దవాళ్ళకు ఇంట్లో బాధలుంటే వృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు పట్టించుకోకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీఓ అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అలాంటి అర్జీలు రెండు మా చేత్తో రాశాం. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి మీరు విశాఖ వచ్చినప్పుడు నాన్నగారిని, అమ్మగారిని ఇద్దరినీ సమావేశానికి తీసుకువెళ్ళండి. అంతవరకు ఆగకుండా ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఒక్కటి చూడమనండి. పీపీఓలో అమ్మగారి పేరు ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, ఆమె పుట్టిన తేదీ రెండిట్లోనూ ఒకటేనా? ఒక్క అక్షరం తేడా ఉన్నా నాన్నగారు తన సంతకంతో అర్జీ పెట్టి ఇప్పుడే దిద్దించవచ్చు.